స్వారీకీ బరువుకీ ఒకే జీను: కొనొచ్చా?

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో చెప్తాను, తప్పుంటే సరిదిద్దండి. మీరు డెన్వర్ దగ్గర ఉంటారు. మీకు రెండు గుర్రాలున్నాయి, ఒక్కోటి 1,000 పౌండ్లకు అటూ ఇటూ. అక్టోబరులో మీరూ మీ స్నేహితుడూ కొలరాడో పడమటి కొండల్లో ఎల్క్ (పెద్ద జింక జాతి) వేటకు వెళ్తున్నారు. లోపలికి ఐదారు మైళ్లు గుర్రాల మీద వెళ్లి, ఎల్క్ పడితే అదే జీను మీద మాంసం వేసుకుని బయటికి రావాలని మీ ఆలోచన. స్వారీ జీనునే ప్యాక్ శాడిల్‌గా, అంటే బరువులు మోయించే జీనుగా, మార్చుకునే రకం ఒకటి చూశారు. అది కొనాలా, విడిగా డెక్కర్ అనే రకం ప్యాక్ శాడిల్ కొనాలా అని అడిగారు.

ఈ ఏడాదికి రెండూ వద్దు. మీ దగ్గరున్న స్వారీ జీనులు ఆ గుర్రాల వీపుకు సరిగ్గా కూర్చుంటుంటే, గుర్రానికి ఒక్కోటి చొప్పున ఇవి కొనండి: జీను మీదుగా వేసే శాడిల్ ప్యానియర్ల (రెండు పక్కలా వేలాడే సంచుల) జత, వెనక బ్రీచింగ్ (దిగుడులో జీను ముందుకు జారకుండా తొడల వెనక తిరిగే పట్టీ), జీను కింద పరిచే పెద్ద ప్యాడ్. మీరు చెప్పిన పనికి అవి చాలు. మూడో గుర్రం వచ్చిన రోజు డెక్కర్ కొనండి. మార్చుకునే జీను కొందరికి నిజంగా పనికొస్తుంది. వాళ్లెవరో కింద చెప్తాను.

నేను 2009 నుంచి గుర్రాలతో వేటకు వెళ్తున్నాను. మొదట అద్దె గుర్రాలు, తర్వాత నా సొంతవి. మార్చుకునే జీను ఒకటి నాలుగు సీజన్లు వాడాను. ఇప్పుడు నా దగ్గర రెండు స్వారీ జీనులు, ఒక డెక్కర్ ఉన్నాయి. కాబట్టి మూడు పద్ధతుల సంగతీ చేతులతో చేసి తెలుసుకున్నదే చెప్తున్నాను.

ఒకే పేరుతో అమ్మే ఈ "మార్చుకునే" సరుకులో మూడు వేరువేరు రకాలున్నాయి. అమ్మేవాళ్లు తేడా చెప్పరు. మొదటిది, మామూలు వెస్టర్న్ జీను మీద పరిచే సంచుల జత. మధ్యలో జీను ముందున్న కొమ్ము దూరడానికి ఒక చీలిక, సీటు వెనక ఎత్తుగా ఉండే క్యాంటిల్‌కు ఇంకో చీలిక ఉంటాయి. మన వైపు పూర్వం ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసిన పెరికె సంచి గుర్తుందా, పని అదే. రెండోది, స్వారీ జీనుకు బోల్టులతోనో పట్టీలతోనో బిగించే ఇనుప కమానులు. అవి బిగించాక మామూలు ప్యానియర్లు వాటికి తగిలించొచ్చు. మూడోది దీనికి తిరగేసింది: అసలు ప్యాక్ శాడిల్‌కే పైన మెత్తటి సీటు, పక్కన రికాబులు తగిలించుకునేది. మీరు చూసింది రెండో రకం అనుకుంటున్నాను.

ఇప్పుడు అసలు కారణం.

మనిషి కూర్చున్నప్పటి బరువు వేరు, మాంసం వేసినప్పటి బరువు వేరు. మేలుకుని ఉన్న పిల్లాణ్ణి జాతరలో భుజం మీద ఎంతసేపైనా మోస్తాం. వాడు నిద్రపోయాడంటే పది నిమిషాల్లో భుజం లాగేస్తుంది. బరువు పెరగలేదు, వాడు మనతో పాటు సర్దుకోవడం మానేశాడు, అంతే. గుర్రానికీ ఇదే. ఎగువకు పోతుంటే మీరు ముందుకు వంగుతారు, దిగువకు పోతుంటే వెనక్కి ఒరుగుతారు, అది తూలితే మీరూ సర్దుకుంటారు. 130 పౌండ్ల ఎల్క్ తొడలు ఏదీ చేయవు. దిగుడులో మొత్తం బరువు మూపు మీదికి జారుతుంది, ఎక్కుడులో నడుము మీదికి జారుతుంది, పక్కవాటు దారిలో దిగువ వైపుకు లాగుతుంది. లోడు పైన ఎత్తుగా ఉన్నకొద్దీ ఆ లాగుడు ఎక్కువ.

ప్యాక్ శాడిల్‌ను దీని కోసమే కట్టారు. కర్రలను ఇంటూ గుర్తులా బిగించిన సాబక్ చూడండి, ఐడహోలో పుట్టి పెరిగిన డెక్కర్ చూడండి. రెండింటికీ వెనక తొడల చుట్టూ తిరిగే బ్రీచింగ్, ముందు రొమ్ము పట్టీ, పొట్ట కింద గట్టి పట్టీలు మొదటి నుంచీ జీనులో భాగమే. డెక్కర్‌కు హాఫ్‌బ్రీడ్ అనే కాన్వాస్ కవచం ఉంటుంది, దాని కింది అంచులో చెక్క పలకలుంటాయి. సంచి బరువు ఒకే పక్కటెముక మీద గుచ్చుకోకుండా ఆ పలక పరిచేస్తుంది. ఆ ఇనుప కమానులను గుర్రం వీపును బట్టి వంచి సరిచేయించుకోవచ్చు కూడా. స్వారీ జీనులో ఇవేవీ ఉండవు, ఎందుకంటే పైన కూర్చున్నవాడు ఆ పని చేస్తాడు. అందుకే నేను ఎవరు అడిగినా ముందు చెప్పేది ఇదే: జీను మారుతుందా అని చూడకండి, వెనక బ్రీచింగ్ కట్టే గట్టి రింగులున్నాయా అని చూడండి. రింగులు లేని జీను ఎన్ని రకాలుగా మారినా కొండ దిగేటప్పుడు పనికిరాదు.

ఇది నాకు చెప్పి నేర్పినవాళ్లు లేరు, నా గుర్రం నేర్పింది. సొంత గుర్రంతో మొదటి ఏడాది, కొలరాడోలోనే ఫ్లాట్ టాప్స్ కొండల వైపు. ఆడ ఎల్క్ పడింది. నా దగ్గర మంచి స్వారీ జీను, చవకరకం సంచులు ఉన్నాయి. బ్రీచింగ్ లేదు. "నాలుగు మైళ్లే కదా" అనుకున్నాను. రెండో మైలులో నిటారుగా దిగుడు వచ్చింది. జీను అంగుళం అంగుళం ముందుకు జారుతూ మూపు మీదికి ఎక్కుతోంది. వెనక పట్టీ వదులై పొట్ట చివరికి, సున్నితమైన చోటికి పోయింది. గుర్రం ఎగిరింది. సంచి ఒకటి కిందికి తిరిగి కాళ్ల మధ్య కొట్టుకుంది, దాంతో ఇంకా బెదిరి దారి పక్కకు దూకింది. అదృష్టం, కింద పొదలున్నాయి, లోయ లేదు. మాంసం దొరికింది, గుర్రం దొరికింది. కానీ దాని మూపు మీద రెండు చోట్ల చర్మం ఊడింది. గాయం మానాక అక్కడ తెల్ల వెంట్రుకలు వచ్చాయి. ఆ గుర్రం ఇంకా నా దగ్గరే ఉంది, ముసలిదైంది. ఒళ్లు తోమిన ప్రతిసారీ ఆ రెండు మచ్చల మీద నా చెయ్యి ఆగుతుంది. జీనుల గురించి ఎవరడిగినా ఇంత పొడుగ్గా రాయడానికి కారణం అదే.

అందుకే మొదట చూడాల్సింది వీపుకు కూర్చోవడం. స్వారీకి సరిపడని జీను బరువుకు అసలే సరిపడదు. ప్యాడ్ లేకుండా జీనును వట్టి వీపు మీద పెట్టి, రెండు పక్కలా ముందు నుంచి వెనక్కి అరచెయ్యి దూర్చి చూడండి. ముందూ వెనకా గట్టిగా తగిలి మధ్యలో ఖాళీ ఉంటే అది వంతెనలా నిలబడింది. ఆ నాలుగు చోట్లే బరువంతా మోస్తాయి. తర్వాత ఒక గంట గట్టిగా స్వారీ చేసి జీను తీయండి. చెమట రెండు పక్కలా ఒకేలా పట్టి ఉండాలి. చుట్టూ తడిగా ఉండి మధ్యలో అరచెయ్యంత పొడి మచ్చ కనిపిస్తే అక్కడ ఒత్తిడి పడుతోందని చాలాసార్లు అర్థం. ఇదే పరీక్ష లోడు వేసి కూడా చేయండి. చాలామంది ఈ రెండోది చేయరు.

ప్యాడ్ సంగతి కూడా చెప్పాలి. స్వారీ ప్యాడ్ జీను వరకే ఉంటుంది. సంచులు దాని కిందికి వేలాడి పక్కటెముకలను, తుంటిని రుద్దుతాయి. ప్యాక్ ప్యాడ్ మామూలుగా 30 అంగుళాలకు 40 అంగుళాలు ఉంటుంది, అంటే సంచి కిందికి కూడా దిగుతుంది. వేట రోజు ఉదయం స్వారీకి వెళ్లేటప్పుడే దాన్ని జీను కింద వేసేయండి. కొంచెం వెడల్పుగా అనిపిస్తుంది, నష్టమేమీ లేదు.

ఇక లెక్క. పెద్ద మగ ఎల్క్ ప్రాణంతో 700 పౌండ్ల దాకా తూగుతుంది. ముక్కలు చేశాక ఎముకతో వెనక తొడ ఒక్కోటి 60-70, ముందు భుజం ఒక్కోటి 40-50 పౌండ్లు అనుకోండి. మెడ, వీపు పట్టీలు, విడి మాంసం ఇంకో 40. కొమ్ములు వేరే. గుర్రం మోసేది మొత్తం మీద దాని బరువులో 20 శాతం దాటకూడదన్నది పాత లెక్క. కదలని బరువుకు నేను అంతకంటే తక్కువే వేస్తాను. మీ 1,000 పౌండ్ల గుర్రానికి మొత్తం 200. అందులో వెస్టర్న్ జీనే 35, సంచులు, ప్యాడ్, బ్రీచింగ్ కలిపి ఇంకో 15 పోతాయి. మిగిలేది 150. అది పై హద్దు. నేనైతే 130 దగ్గర ఆపుతాను.

అంటే ఒక గుర్రం మీద పక్కకొకటి చొప్పున రెండు తొడలు, ఇంకో గుర్రం మీద రెండు భుజాలు, వాటి పక్కన సమంగా పంచిన విడి మాంసం. రెండు గుర్రాలకూ అంతటితో సరి. కొమ్ములు మీరో మీ స్నేహితుడో వీపున మోయాలి, లేదా ఇంకోసారి రావాలి. మీరిద్దరూ బయటికి నడిచే వస్తారు. ఒకే జీనుతో వెళ్లే పద్ధతికి అసలు ఖరీదు ఇదే. దీని గురించి ప్రకటనల్లో ఉండదు. పొద్దుపోయాక, చీకట్లో, మంచులో, లోడున్న గుర్రాన్ని పట్టుకుని ఆరు మైళ్లు నడవగలిగిన బూట్లు వేసుకుని వెళ్లండి. నున్నటి అడుగున్న స్వారీ బూట్లు వద్దు.

రెండు పక్కలా బరువు సమంగా ఉండటం ఎంత ముఖ్యమో కావడి మోసినవాణ్ణి అడిగితే చెప్తాడు. చిన్న స్ప్రింగ్ తూనిక ఒకటి జేబులో పెట్టుకోండి. రెండు సంచులకు తేడా ఒకటి రెండు పౌండ్లు దాటనివ్వొద్దు. తూనిక మర్చిపోయి చేతి అంచనాతో వేసిన రోజున నేను నాలుగు మైళ్లలో మూడుసార్లు ఆగాను. చివరికి తేలిక వైపు సంచిలో రాయి వేస్తే గానీ జీను నిలబడలేదు. బరువైనవి కింద, వీపుకు దగ్గరగా పెట్టండి. పైన ఎత్తుగా పేర్చొద్దు. అరమైలు నడిచాక తప్పకుండా ఆగి పట్టీలు మళ్లీ బిగించండి. గుర్రం మొదట పొట్ట ఉబ్బించి ఉంటుంది, నడిచాక వదులవుతుంది.

స్వారీ జీను మీద సంచులు వేసేటప్పుడు నేను పాటించే వరుస ఇది: రైఫిల్ తీసి, తూటాలు ఖాళీ చేసి, దాని తొడుగు కూడా జీను నుంచి విప్పేస్తాను. సంచి కింద తొడుగు ఉంటే పక్కటెముకలకు గుచ్చుకుంటుంది. రికాబులు పైకి మడిచి సీటు మీదుగా కట్టేస్తాను. వెనక పొట్ట పట్టీని ఒళ్లుకు ఆనేట్టు బిగించి, ముందు పట్టీకి చిన్న తోలు పట్టీతో కలిపానా లేదా చూస్తాను. అది లేకపోతే వెనక పట్టీ వెనక్కి జారుతుంది, నా గుర్రానికి జరిగింది అదే. తర్వాత బ్రీచింగ్. గుర్రం నిలబడినప్పుడు చెయ్యి సులువుగా దూరేంత వదులు ఉండాలి, దిగేటప్పుడే అది పనిచేయాలి. ఆ తర్వాతే సంచులు, రెండూ ఒకేసారి. ఒక పక్క మీరు, ఇంకో పక్క స్నేహితుడు. ఒంటరిగా ఉంటే ఒక సంచిని కాసేపు భుజంతో ఎత్తి పట్టుకోవాల్సిందే, లేకపోతే జీను తిరిగిపోతుంది.

ఇప్పుడు మీరు చూసిన రకం. నా దగ్గరున్న మార్చుకునే జీనుకు నాలుగు బోల్టులు, రెక్కల నట్లు ఉండేవి. గ్యారేజీలో ఐదు నిమిషాల పని. నవంబరు మొదటి వారంలో, మోకాలి లోతు మంచులో, రక్తంతో తడిసిన చేతులతో, తల మీద లైటు వెలుగులో అదే పని చేయబోతే ఒక నట్టు జారి మంచులో పడింది. దొరకలేదు. ఆ కమానును తాడుతో కట్టి, దారి పొడుగునా దాని వైపే చూస్తూ నడిచాను. ఆ తర్వాత నా నియమం ఒకటే: చేతి తొడుగులు తీయకుండా, చీకట్లో మార్చలేనిది నా వరకు మార్చుకునే జీను కాదు. కొనాలనే ఉంటే, విడిపోయే చిన్న భాగాలు లేని, పట్టీ బకిల్‌తో నడిచే రకం చూడండి. కమానులు జీను లోపలి చట్రానికి బిగిసేవై ఉండాలి, పై తోలుకు మాత్రమే కుట్టినవి కాదు. లాగుడంతా అక్కడే పడుతుంది.

ఇంకో చిన్న తేడా. ప్యాక్ శాడిల్ వెనక సన్నటి తాడు ముడి ఒకటి ఉంటుంది, పిగ్‌టెయిల్ అంటారు. వెనక గుర్రాన్ని దానికి కడతారు. ఒక గుర్రం జారిపడితే అది తెగిపోతుంది, రెండోది దానితో పాటు పోదు. స్వారీ జీనుకు ఇది ఉండదు. వెనక గుర్రం తాడును జీను కొమ్ముకు ముడివేసి కట్టేసే అలవాటు మాత్రం చేసుకోవద్దు. మీరిద్దరూ చెరొక గుర్రాన్ని చేత్తో పట్టుకుని నడవండి.

మరి మార్చుకునే జీను ఎవరికి? నా అభిప్రాయంలో ఇద్దరికి. ఒకే గుర్రం ఉండి, కొత్తగా జీను కొనాల్సి వచ్చి, గట్టి ప్యానియర్లు, గడ్డి మూటలు, కంచె సామాను లాంటివి ఏడాది పొడుగునా మోయించేవాళ్లకు. గుర్రాలు ఎక్కువ ఉండి, ట్రైలర్‌లో చోటు తక్కువై, ఏ గుర్రం ఏ రోజు ఏ పని చేస్తుందో ముందే చెప్పలేనివాళ్లకు. సీజన్‌కు ఒక ఎల్క్, ఒక రోజు, ఆరు మైళ్లు అనుకునే మీకు, సంచుల జత అదే పని చేస్తుంది. ధర అందులో చిన్న భాగం, విరిగే భాగాలు లేవు. మడిచి క్యాంటిల్ వెనక కట్టుకుంటే లోపలికి వెళ్లేటప్పుడు అడ్డం కూడా ఉండదు.

అదే వారం రోజుల క్యాంపు అయితే నా సమాధానం పూర్తిగా మారుతుంది. గుడారం, పొయ్యి, తిండి, గుర్రాల దాణా మోయడానికి అసలైన ప్యాక్ శాడిల్ కావాలి. పాత అమెరికా సైన్యమే చూడండి. 1859లో మెక్‌క్లెలన్ జీను తీసుకుని, గుర్రపు దళం ఉన్నన్నాళ్లూ దాన్నే మార్పులతో వాడుకుంది. దానికి రింగులు, పట్టీలు బోలెడు, సైనికుడి సొంత మూట అంతా దాని మీదే. కానీ అసలు బరువులకు మాత్రం కంచరగాడిదలు, వాటికి వేరే జీనులు. ముందు స్పానిష్‌వాళ్ల నుంచి వచ్చిన అపరేహో, 1920ల్లో ఫిలిప్స్ ప్యాక్ శాడిల్. పొదుపు కోరుకునే సైన్యం కూడా ఆ రెండు పనులను కలపలేదు. పాతది మంచి డెక్కర్ వెతికితే కొన్ని వందల డాలర్లకు దొరుకుతుంది. అప్పటిదాకా క్యాంపు చేయాలనుకుంటే, ఆ అడవిలో అనుమతి ఉన్న అవుట్‌ఫిటర్‌తో (డబ్బు తీసుకుని వేటగాళ్ల సామాను మోయించేవాళ్లతో) సామాను లోపల దింపించుకోండి, మాంసం బయటికి తెప్పించుకోండి. వైల్డర్‌నెస్ (చట్టం కాపాడే అడవి) హద్దులో చక్రాల బండి, సైకిలు ఏదీ పనికిరాదు కాబట్టి మిగిలేది గుర్రం, కంచరగాడిద, లామా (ఒంటె జాతి చిన్న జంతువు), మీ వీపు. గుర్రాల అలవాటు లేని స్నేహితులకు నేను లామాలు అద్దెకు తీసుకోమంటాను. ఒక్కోటి 60-80 పౌండ్లే మోస్తుంది కానీ భయపెట్టదు.

జీనుకు సంబంధం లేని ఒక్క విషయం. మీ స్నేహితుడు హెచ్1బీ మీద ఉన్నాడని రాశారు. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం మామూలుగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉండటం దానికున్న మినహాయింపుల్లో ఒకటి. కాబట్టి అతను ప్రాక్టీసుకు తుపాకీ పట్టుకునే ముందే లైసెన్సు చేతిలో ఉండాలి. అనుమానముంటే లాయర్‌ను అడగండి, టెన్షన్‌తో వేటకు వెళ్లొద్దు. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి కొలరాడోలో హంటర్ ఎడ్యుకేషన్ కార్డు కూడా తప్పనిసరి.

సెప్టెంబరులో మీరు చేయాల్సింది చెప్పి ముగిస్తాను. 50 పౌండ్ల దాణా బస్తాలు రెండు కొని, పక్కకొకటి వేసి, ఇంటి దగ్గర చదునులో ఒకరోజు, ఎక్కుడు దిగుడు ఉన్న దారిలో రెండు రోజులు నడిపించండి. సంచులు చెట్లకు రాసుకుని చప్పుడు చేస్తే గుర్రం ఏం చేస్తుందో అక్కడే తెలియాలి. తర్వాత మాంసం కొట్టు నుంచి పచ్చి తోలు ముక్క ఒకటి తెచ్చి, దాన్ని దాణా తొట్టి దగ్గర వేలాడదీయండి. రక్తం వాసనకు మొదటి రోజు గురక పెట్టి వెనక్కి పోతుంది, నాలుగో రోజుకు పక్కనే తింటుంది. నా రెండో గుర్రానికి తొమ్మిది రోజులు పట్టింది, కాబట్టి చివరి వారానికి వదిలేయొద్దు.

రెండు గుర్రాల వీపుల ఫోటోలు పెట్టండి. జీను, ప్యాడ్ లేకుండా, చదును నేల మీద నిలబెట్టి, పక్క నుంచి ఒకటి, వెనక నుంచి కాస్త ఎత్తులో ఒకటి. మీ జీను అడుగు భాగం ఫోటో కూడా. బ్రీచింగ్ కట్టడానికి ఆ జీనుకు రింగులు ఎక్కడ వేయించాలో చూసి చెప్తాను.